జడేరులో గూని ఈగలు లేవట

నమోదు 1
విముక్తి ప్రకటనకు ఇంకా 58 రోజులు

ఈ రోజు పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా జడేరు ఒడ్డున బండ మీద చీర మోకాలి దాకా ఎగదోపి కూర్చున్నాను. కుడికాలి మీద వాలిన గూని ఈగల్ని, అవి కుట్టేలోపే, గాజుగొట్టంలోకి పీల్చాను. అరవై ఒకటి దొరికాయి. ఇది నా ఉద్యోగం. నదీరోగ విముక్తి మండలి భాషలో నేను "కీటక సేకర్త, రెండవ తరగతి". కూనలపాడు ఊళ్లో నా పేరు ఈగలామె. అసలు పేరు పొన్నాడ సత్యవేణి అని జీతం పలకకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

అరవై ఒకటి అని చేతిపలకలో కొట్టగానే అది ఎర్రబడి, "6.1 అని మీ ఉద్దేశమా?" అని అడిగింది. ఈగలో పదోవంతు ఎలా పట్టుకుంటారో నాకు తెలియదు. కాదన్నాను. "ఈ రుతువులో ఈ స్థలానికి ఊహించదగిన సంఖ్య 4. మీ నమోదును చక్కదిద్దాము. ధన్యవాదాలు" అని నాలుగు వేసుకుంది. మనుషులు పొరపాట్లు చేస్తారని పలకలకు ఈ చక్కదిద్దే బుద్ధిని మూడేళ్ల కిందట పెట్టారు. అప్పటి నుంచి లోయలో పొరపాట్లే లేవు. ఈగలు కూడా లేవు.

అందుకే ఇవాళ్టి నుంచి కాగితం మీద రాస్తున్నాను. మండలి ఏడాదికోసారి పంచే "ఈగ రహిత రేపటి కోసం" కరపత్రాల వెనకవైపు తెల్లగా ఉంటుంది. వాటికి ఇన్నాళ్లకు ఒక పని దొరికింది.

కొత్తగా వచ్చే ప్రతి అధికారికి నేను ఏటిగుడ్డి జబ్బు గురించి నాలుగు మాటలు చెబుతాను. ఈ ఈగ కాటుతో పురుగు ఒంట్లో చేరుతుంది. పెద్ద పురుగులు చర్మం కింద గడ్డ కట్టుకుని పదేళ్లకు పైగా బతికి లక్షల్లో పిల్లల్ని కంటాయి. ఆ పిల్లలు చర్మంలో తిరిగితే దురద, కంట్లో చేరితే చీకటి. మాత్ర పిల్లల్నే చంపుతుంది. కాబట్టి పెద్దవి ముసలివై చచ్చేదాకా, ఊరు ఊరంతా, ఏడాదికి రెండుసార్లు మాత్ర మింగుతూనే ఉండాలి. ఇంతవరకు ఏ అధికారీ మూడో మాట దాటి వినలేదు. ఇప్పుడు మాత్రలు ఆపేస్తారట. యాభై ఎనిమిది రోజుల్లో జడేరు లోయ ఏటిగుడ్డి నుంచి విముక్తమైందని ప్రకటిస్తారు. ఏర్పాట్ల కోసం నన్ను ఒడ్డున గడ్డి కోయించమన్నారు.

నమోదు 2
ఇంకా 55 రోజులు

నాతో వంతులవారీగా కూర్చునే రెండో సేకర్త అందాల పోసిరెడ్డి మావ. అరవై మూడేళ్లు. రెండు కళ్లూ లేవు. మా తాతలు సముద్రం మింగిన తీరం నుంచి ఈ కొండలెక్కి రాకముందు నుంచీ ఇక్కడ ఉన్నవాళ్లు ఆయనవాళ్లు. మాత్ర ఈ లోయకు వచ్చేసరికి ఆయనకు నలభై. అప్పటికే ఆలస్యమైపోయింది.

చూపు లేని మనిషి ఈగల్నెలా పడతాడని మండలి పెద్దలు ఒకసారి నవ్వారు. వాళ్లలో ఒకడు పక్కన కూర్చుని పోటీ పడ్డాడు కూడా. గంటలో మావ పందొమ్మిది పట్టాడు, చూపున్నవాడు మూడు పట్టి ఏడు కాట్లు తిన్నాడు. కాలి మీద వెంట్రుక కదిలితే చాలు, మావ గొట్టం అక్కడుంటుంది.

ఇవాళ ఆయన గంటలో డెబ్బై దాటాయి. గొట్టాలు నాకిచ్చి, తల పక్కకు వంచి చాలాసేపు విన్నాడు.

"అమ్మాయ్, నీళ్ల సప్పుడు రెండుగా ఉంది. సూడు, ఏటి సప్పుడు గరగరమని ఉంటది. ఆ పైనుంచి ఒచ్చేది సన్నంగా, గలగలమని. నిరుడు ఇంత లేదది."

"అది మెట్ల కాలువ మావా. జ్ఞాపకశాలల కోసం కట్టింది."

"దాని మీదికి తీస్కెళ్లు నన్ను."

జ్ఞాపకశాలలంటే కొండలోకి తొలిచిన పొడవాటి గదులు. పట్నంవాళ్ల జ్ఞాపకాలన్నీ అక్కడ దాస్తారు: పెళ్లిళ్లు, విహారాలు, తిన్న పళ్లేల ఫొటోలు. అవి వేడెక్కకుండా ఏటి నీటిని మళ్లించి, రెండు వందల పన్నెండు సిమెంటు మెట్ల మీద పల్చగా దూకించి చల్లబరుస్తారు. గూని ఈగకు కావలసింది సరిగ్గా అదే. నిలవ నీళ్లలో అది బతకదు, దానికి ఉరికే నీళ్లు కావాలి. నేను మెట్టు మీద అరచేయి పెట్టి రాశాను. చేతికి నల్లనువ్వులు అంటుకున్నట్టు అంటుకున్నాయి. కదులుతున్నాయి. ఈగ పిల్లలు.

మావ నా అరచేతిని వేలితో తడిమి చూశాడు. దిగేటప్పుడు, "ఎన్ని మెట్లన్నావు?" అని మళ్లీ అడిగాడు.

నమోదు 3
ఇంకా 51 రోజులు

అయిదేళ్లుగా మండలి లోయాధికారిగా ఉన్న డాక్టర్ అవసరాల నిరంజన్ గారితో తెర మీద మాట్లాడాను. ఆయన ముఖం ఎప్పుడూ అప్పుడే కడిగినట్టు ఉంటుంది. ఏటిగుడ్డి మీద ఆయన రాసిన పుస్తకం ఆరు భాషల్లోకి వెళ్లింది. జడేరు నీళ్లలో ఆయన కాలు మాత్రం ఇంకా పెట్టలేదు.

"మెట్ల కాలువ మీద కూడా మందు చల్లించండి సార్. మన ఎగిరే యంత్రాలు ఏటి మీద చల్లి, కాలువ దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నాయి."

"అవి పటం ప్రకారం తిరుగుతాయి సత్యవేణి గారూ. పటంలో ఉన్నది నది. కాలువ కృత్రిమ జలప్రవాహం. నది నిర్వచనంలోకి రాదు."

"ఈగలకు ఆ నిర్వచనం అందినట్టు లేదు సార్."

ఆయన నవ్వాడు. మంచి పళ్లు. "ఈగలు ఉండటం సమస్య కాదండీ. వాటిలో పురుగు ఉండటం సమస్య. లోయలో తొంభై ఆరు శాతం జనం మాత్రలు మింగుతున్నారు. పురుగు ఎక్కణ్నుంచి వస్తుంది?"

ఆ ప్రశ్న మాత్రం మంచిదే. ఆయనకు జవాబు అక్కర్లేకుండా వేశాడు గానీ, నేను ఇంటికి వచ్చాక కూడా దాన్నే ఆలోచించాను. ఎంతమందిలో తొంభై ఆరు శాతం?

నమోదు 4
ఇంకా 46 రోజులు

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఇంతవరకు ఈ కాగితాల్లో ఎగతాళి చేసింది ఇతరులనే.

మెట్ల కాలువ పక్కన రేకుల గుడిసెలున్నాయి. నాచు గోకి, గేట్లు తిప్పే పనివాళ్లవి. రెండేళ్ల కిందట ఉత్తరాది లోయల నుంచి తెచ్చారు. మూడు వందల నలభై మంది. కూనలపాడు వాళ్లు వాళ్లను మెట్లోళ్లంటారు, బావి దగ్గర వరుసలో చివర నిలబెడతారు. రెండేళ్లుగా నేను ఆ గుడిసెల ముందు నుంచే రోజూ ఏటికి నడిచాను. వాళ్లు ఎప్పుడూ ఒళ్లు గోక్కుంటూ కనిపించేవారు. స్నానం చెయ్యరు కాబోలు అనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఏటిగుడ్డి మీద బతుకుతున్న నేను, దురద చూసి స్నానం అనుకున్నాను.

ఇవాళ వెళ్లాను. గేట్ల మేస్త్రీ బిడ్డిక తవిటమ్మ. నలభై ఏళ్లుంటాయి, మోచేతుల దాకా సిమెంటు పొడి. మోకాళ్ల కింద చర్మం మీద నల్లటి, తెల్లటి మచ్చలు, చిరుతపులి చర్మంలా. నేను ఏళ్ల తరబడి బొమ్మల్లో చూపించి ఊళ్లకు నేర్పిన మచ్చలు.

"మాత్రలు మింగుతున్నారా అమ్మా?"

"ఏ మాత్రలు? ఆ ఇనప కంబం మాకు ఇయ్యదు గదా. సెయ్యి పెడితే పేరు నేదంటాది. మా లోయల మూడేళ్లు ఇచ్చినారు, తరవాత ఒగ్గేసినారు. ఇక్కడికి తెచ్చినోలు మాకు పేరే రాయనేదు."

ఊళ్లో మాత్రల స్తంభం సంగతి అది. దాని ముందు నిలబడితే ఎత్తు కొలిచి, మణికట్టు చూసి, ఎత్తుకు తగినన్ని మాత్రలు రాలుస్తుంది. పాత జనాభా పట్టికలో పేరుంటేనే. తొంభై ఆరు శాతం అంటే ఆ పట్టికలో తొంభై ఆరు శాతం. ఈ గుడిసెలవాళ్లవి అందులో లేని ఒళ్లు.

తవిటమ్మ తుంటి మీద ఆవగింజంత చర్మం సూదితో ఎత్తి కోసి, నీటిబొట్టులో వేశాను. సూక్ష్మదర్శిని నా సంచిలోనే ఉంటుంది, మండలి పదిహేనేళ్ల కిందట పనికిరాదని పారేసింది. అరగంట ఆగి చూశాను. తర్వాత ఆమెను చూడమన్నాను.

చాలాసేపు కన్ను ఆనించి ఉంచింది. "దారపు ముక్కల్లా మెలికలు తిరుగుతన్నాయి. ఏటివి?"

"నీ ఒంట్లోవి."

తల ఎత్తలేదు. "ఎన్ని ఉంటాయి?"

"ఆ గింజంత ముక్కలో పద్దెనిమిది."

అప్పుడు తలెత్తి తన కాళ్ల వంక, చేతుల వంక చూసుకుంది. మనసులో గుణిస్తోందని తెలిసింది. "రెండేళ్లు మా గుమ్మం ముందే నడిసినావు గదమ్మా," అంది. కోపంగా కాదు. నాకు కోపమే బాగుండేది.

నమోదు 5
ఇంకా 39 రోజులు

పిల్లల వేలికొసన రక్తపు చుక్క తీసి కార్డు మీద వేస్తే, పురుగు తగిలిన ఒంటికి రెండు గీతలు వస్తాయి. తగలని వారికి ఒకటే. పదేళ్లలోపు పిల్లలకే చేస్తాం. వాళ్లకు తగిలిందంటే పురుగు ఈ మధ్యనే తిరుగుతున్నట్టు.

గుడిసెల్లో యాభై ఇద్దరు పిల్లలు. తొమ్మిది మందికి రెండు గీతలు.

కూనలపాడులో రెండు వందల పద్నాలుగు మంది. నాలుగు రోజులు పట్టింది. రెండు వందల పదమూడు కార్డుల మీద ఒకే గీత. చివరి కార్డు ముత్యాలుది. ఆరేళ్లు, పోసిరెడ్డి మావ మనవరాలు. రెండో గీత సన్నగా, గులాబి రంగులో, మెల్లగా తేలింది. చక్కదిద్దే బుద్ధి ఏదైనా ఉంటే ఆ క్షణంలో నేనూ వాడుకునేదాన్నే.

మావ పక్కనే ఉన్నాడు. నేను మాట్లాడకపోవడం విన్నాడు.

"ఎన్ని గీతలు?"

"రెండు మావా."

ఆయన చెయ్యి చాచి పిల్ల ముఖం దొరికించుకుని, రెప్పల మీద బొటనవేళ్లు ఆనించాడు. ముత్యాలు కిలకిలా నవ్వింది, చక్కిలిగింతలనుకుని. "తాతా, వొదులు!"

"ఇప్పుడేం కాదు మావా. మాత్ర పడితే కళ్లకేమీ కాదు. మింగుతూ ఉండాలి, అంతే."

"మీ మాత్రలు ఎన్నాళ్లుంటాయి?"

"ముప్పై తొమ్మిది రోజులు."

నిరంజన్ గారికి ఈ లెక్క పంపాను. జవాబు గంటలో వచ్చింది. గుడిసెల పిల్లలు పట్టికలో లేరు కనుక పరిగణించలేరట. ఊళ్లో రెండు వందల పద్నాలుగింటికి ఒకటి, అంటే సున్నా పాయింట్ ఐదు శాతం కన్నా తక్కువ. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే సున్నా. మండలి స్వయంగా రాసుకున్న హద్దు వెయ్యికి ఒకటి, మా ఊరి లెక్క దానికి నాలుగింతలు పైనే. ఒక పిల్ల కళ్లను పూర్ణాంకానికి సవరించిన ఈ మనిషి వైద్యశాస్త్రంలో బంగారు పతకం తీసుకున్నాడు.

నమోదు 6
ఇంకా 32 రోజులు

ఊరికి ఆఖరిసారి పంచే "వీడ్కోలు విడత" కోసం వచ్చిన మాత్రలు నా గదిలో ఉన్నాయి. ఊరికి సరిపడా పోను మిగిలినవి ప్రకటన రోజున కాల్చేసి ఆ బూడిద ఏట్లో కలపాలని కార్యక్రమ పత్రంలో ఉంది. మిగిలేవి పన్నెండు వందలు. గుడిసెలకు ఒక విడతకు చాలు.

ఊరివాళ్లను బడి వసారాలో కూర్చోబెట్టి సంగతి చెప్పాను. మొదట లేచింది బావి సంఘం పెద్ద గోగుల బుల్లిరెడ్డి. గత పదేళ్లలో ప్రతి విడతకూ ఆయన్ను ఇంటికెళ్లి బతిమాలి మింగించినదాన్ని నేనే.

"మెట్లోళ్లకి మన మందెలా ఇత్తాం? జబ్బు తెచ్చిందే ఆళ్లు. ఆళ్లనే ఎల్లగొట్టమను."

చాలామంది తలలూపారు. మండలి వాళ్లకూ వీళ్లకూ తేడా ఏమిటంటే, మండలివాళ్లు ఇదే మాటను నిర్వచనం అంటారు.

పోసిరెడ్డి మావ కర్ర పట్టుకుని లేచాడు. "బుల్లిరెడ్డీ, ఈగ ఆ గుడిసెలో కుట్టి నీ ఇంటికొచ్చేటప్పుడు నువ్వెవరని అడుగుద్దేంట్రా? ఆళ్లు ఎల్లిపోతే ఆళ్ల పురుగు ఈగల్లో ఉండనే ఉంది. మెట్లు ఉండనే ఉన్నాయి. నా కళ్లు పోయినప్పుడు కింద లోయోళ్లు ఇదే మాటన్నారు, కొండోళ్ల జబ్బు కొండోళ్లకే అని. మందు పదేళ్లు ఆలస్యమైంది. ఆ పదేళ్లలోనే పోయాయి నా కళ్లు. ఇప్పుడు నా మనవరాలికి రెండు గీతలు. నువ్వు మాత్రలు దాచుకుంటావో, నీ మనవల కళ్లు దాచుకుంటావో సూసుకో."

బుల్లిరెడ్డి కూర్చున్నాడు. ఒప్పుకోలేదు, కూర్చున్నాడు. నాకది చాలు.

స్తంభం గుడిసెల వాళ్లకు రాల్చదు కాబట్టి వెదురుకర్ర తీసుకుని, దాని మీద గీతలు గీశాను: ఈ గీత దాకా ఎత్తుంటే ఒకటి, ఇక్కడికి రెండు, పైన మూడు, ఆపైన నాలుగు. అట్టడుగు గీతకన్నా పొట్టి పిల్లలకు లేదు, కడుపుతో ఉన్నవాళ్లకు లేదు, జబ్బుతో మంచం పట్టినవాళ్లకు లేదు. స్తంభం రాకముందు నేను ఈ పనంతా ఇలాగే చేశాను. గుడిసెల ముందు కర్ర పాతి రెండు రోజులు నిలబడ్డాను. రెండు వందల తొంభై ఒక్క మంది నా కళ్లముందే మింగారు. మాత్ర పడ్డాక పురుగు చచ్చేటప్పుడు దురద ఇంకా పెరుగుతుంది. మూడు రోజులు గుడిసెలన్నీ మూలిగాయి. నేను తడిగుడ్డలు పట్టుకుని తిరిగాను. ఎవరూ నన్ను తిట్టలేదు.

ఒక విడత పడింది. ఇంకా ఇరవై పైగా పడాలి.

నమోదు 7
ఇంకా 2 రోజులు

తవిటమ్మ ఇవాళ నా గది దగ్గరకు వచ్చింది. కూర్చోమంటే గుమ్మంలోనే కూర్చుంది.

"ఈగ పిల్లలు నీళ్లు నేకపోతే ఎన్నాళ్లు బతుకుతాయి?"

"ఎండలో మెట్టు ఆరితే ఒక్క పూట. ఎందుకు?"

"గేటు మా సేతిల ఉంది గదా. రెండ్రోజులు మూస్తే మెట్లన్నీ ఆరిపోతాయి. నాచుతో పాటు అయ్యీ గోకేస్తాం. గుడ్ల నుంచి ఈగ అవ్వడానికి ఎన్నాళ్లు?"

"పది, పన్నెండు రోజులు."

"అయితే పదేసి రోజులకి ఓపాలి మూయాల." ఆమె నా కన్నా వేగంగా లెక్క కట్టింది. "నాచు పనికి మూసే అధికారం మేస్త్రీకి ఉంది. కాయితంల రాసుంది. ఎన్నిసార్లు అని రాయనేదు."

"పనిలోంచి తీసేస్తారు."

"తీసేస్తే ఎవుర్ని తెస్తారు? ఈ పురుగుల మెట్ల మీదికి ఎవులొస్తారు?" లేచి చీర దులుపుకుంది. "మొదటిసారి ఎల్లుండి మూస్తన్నాం. పెద్దోలంతా వొస్తారంట గదా."

నమోదు 8
ప్రకటన రోజు

ఒడ్డున పందిరి, పూలదండలు, పాట పాడే పిల్లలు. నిరంజన్ గారు తెల్లటి బూట్లతో దిగారు. బట్టల మీద ఏదో పరిమళం చల్లుకున్నారు, ఈగలు దగ్గరకు రాకుండా. లేని ఈగల కోసం అంత జాగ్రత్త ఎందుకో. ప్రకటన చదివారు. "నేటి నుంచి జడేరు లోయ ఏటిగుడ్డి నుంచి శాశ్వతంగా విముక్తం." చప్పట్లు కొట్టారు. మొదటి వరుసలో కూర్చున్న పోసిరెడ్డి మావను వేదిక మీదికి పిలిచి, "చివరి బాధితుడు" అని శాలువా కప్పారు. మావ కదలకుండా కప్పించుకున్నాడు.

రెండో ఉపన్యాసం మధ్యలో నిరంజన్ గారి మణికట్టు మోగడం మొదలుపెట్టింది. మళ్లీ మోగింది. ఆయన పందిరి వెనక్కి వెళ్లి, ముఖం ఎర్రబడి తిరిగివచ్చి, నన్ను వేలితో పిలిచారు. కాలువ ఆగిపోయింది, ఆ రోజు లోయలో ఉన్న పెద్ద అధికారి ఆయనే కనుక పట్నం కబుర్లన్నీ ఆయనకే. జ్ఞాపకశాలలు వేడెక్కుతున్నాయి. పట్నంలో లక్షలాది మంది తమ పాత విహారయాత్రలు చూసుకోలేకపోతున్నారు.

మెట్ల దగ్గరకు వెళ్లేసరికి రెండు వందల పన్నెండు మెట్లూ పొడిగా ఎండలో తెల్లగా ఉన్నాయి. మెట్టుకు ఒకరు చొప్పున ఆడా మగా కూర్చుని ఇనపరేకులతో గోకుతున్నారు. ఎవరూ తలెత్తలేదు.

"ఎవరు మూశారిది?"

"నాచు సారూ," అంది తవిటమ్మ.

"ఎప్పుడు తెరుస్తారు?"

"నాచు అయ్యేక."

నిరంజన్ గారు నా వైపు తిరిగారు. "మీకేం కావాలి, సత్యవేణి గారూ? ప్రకటన వెనక్కి తీసుకోలేం. చదివేశాం."

"మీ ప్రకటన మీ దగ్గరే ఉంచుకోండి. మాకు మాత్రలు కావాలి. ఊరికీ గుడిసెలకీ, ఏడాదికి రెండు విడతలు, పన్నెండేళ్లు. పదేసి రోజులకు రెండు రోజులు ఈ గేటు మూస్తాం, మీరు అడగకూడదు."

"విముక్తమైన లోయకు మందు పంపితే, విముక్తం కాలేదని ఒప్పుకున్నట్టే కదండీ!" ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. పిల్లల కార్డులు చూపించినప్పుడు ఆ బాధ లేదు.

పోసిరెడ్డి మావ నా భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కి వచ్చాడు, శాలువాతో సహా. "బాబూ, ఇంకో పేరు పెట్టి పంపండి. పేర్లు పెట్టడంలో మీరు గట్టోళ్లు."

మణికట్టు ఇంకోసారి మోగింది. ఆయన దాన్ని రెండో చేత్తో నొక్కి పట్టుకుని మెట్ల వంక, గోకుతున్న మనుషుల వంక చూశారు. అయిదేళ్లలో మొదటిసారి ఆ ముఖంలో ఆలోచన లాంటిది కదిలింది.

"గొర్రెలు," అన్నారు మెల్లగా. "కొండప్రాంతాల గొర్రెల గజ్జికి ఒక పథకం ఉంది. దాని కింద ఏ లోయకైనా ఎన్ని పెట్టెలైనా వెళ్తాయి. ఎవరూ తెరిచి చూడరు. లోపల మనుషుల మాత్రలే పెట్టిస్తాను. పైన చీటీ మాత్రం..."

"గొర్రెలని ఉంటుంది."

"గొర్రెలని ఉంటుంది."

"ప్రతి పెట్టె నేను విప్పి చూస్తాను. మనుషుల మాత్రలు కాకపోతే ఆ రోజే తవిటమ్మ గేటు మూస్తుంది."

ఆయన మెడ మీద చటుక్కున కొట్టుకున్నారు. అరచేతిలో నలిగిన ఈగను, దాని గూనిని, కాసేపు చూసుకున్నారు. జేబురుమాలుతో తుడిచేసుకుని సంతకం పెట్టారు. పద్నాలుగు వందల తొంభై గొర్రెలు, జడేరు లోయ.

నమోదు 9
ప్రకటన తర్వాత మొదటి ఏడు

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఈగలు లేని చోట సేకర్త దేనికని. చేతిపలక తీసుకున్నారు. వెదురుకర్ర అడగలేదు.

పెట్టెలు రెండుసార్లూ వచ్చాయి. చీటీ మీద గొర్రె బొమ్మ. మాత్రలు సరైనవే. బుల్లిరెడ్డి మొదటి విడత రోజున గొర్రెల మందు తాను మింగనని గోల చేశాడు. చీటీ అబద్ధమని మూడుసార్లు విప్పి చూపించాను. చివరికి అతని భార్యే తిట్టి మింగించింది.

పదేసి రోజులకు తవిటమ్మ గేటు మూస్తోంది. ఆ రెండు రోజులు పట్నంవాళ్ల ఫొటోలు కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటాయట. వాళ్లు దాన్ని "కొండ విరామం" అనుకుని అలవాటు పడ్డారు. ఇవాళ నా కాలి మీద గంటకు పదకొండు.

నమోదు 10
ఏడో ఏడు

పోసిరెడ్డి మావ పోయాడు. రెండు రోజుల జ్వరం. ఏటిగుడ్డితో కాదు.

పోయే ముందురోజు ముత్యాలును పిలిచి, దూరంగా కొండ మీద ఏం కనిపిస్తోందో చెప్పమన్నాడు. మేకలు, పొగ, ఎవరో ఎర్రచీర ఆరేస్తున్నారు అని చెప్పింది. ఎర్రంటే ఎలాంటి ఎరుపు అని అడిగాడు. పదమూడేళ్ల పిల్ల, ఓపిగ్గా చెప్పింది: పండుమిరప కాదు తాతా, ఇటుక ఎరుపు. ఆయన సరేనన్నాడు.

మండలి నుంచి సంతాప సందేశం వచ్చింది. "చివరి బాధితుడు" మళ్లీ. గుడిసెల్లో ఇంకా ఇద్దరికి ఒక్కొక్క కన్ను పోయింది. మా మాత్రలు చేరేలోపే పాడైన కళ్లు అవి. వాళ్లకు శాలువాలు రాలేదు.

నమోదు 11
పన్నెండో ఏడు

నా ముందు పది వరుసల్లో కార్డులు, ఊరివీ గుడిసెలవీ కలిపి నాలుగు వందల ఆరు మంది పిల్లలు. గుడిసెలు ఇప్పుడు ఇటుక ఇళ్లు. వీళ్లెవరూ ప్రకటన నాటికి పుట్టలేదు. నాలుగు వందల ఆరు కార్డుల మీద ఒకే గీత. ముత్యాలు పక్కన కూర్చుని ప్రతి కార్డునూ నా తర్వాత మళ్లీ చూసింది. నా చూపు కన్నా ఆమె చూపు నమ్మకం.

ఈగల తలలు ఆరువేలు పక్క లోయ ప్రయోగశాలకు గొర్రెల ఈగలని రాసి పంపాను. ఇవాళ జవాబు వచ్చింది. ఒక్కదానిలోనూ పురుగు లేదు.

కాగితం పట్టుకుని మెట్ల దగ్గరకు వెళ్లాను. గేటు మూసి ఉంది, నాచు రోజు. తవిటమ్మ పైమెట్టు మీద కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. కాళ్ల మీద మచ్చలు అలాగే ఉన్నాయి, అవి పోవు. చదివి వినిపించాను.

"అంటే పోయినట్టేనా?"

"పోయినట్టే."

ఎండిన మెట్ల వంక చూసింది. తర్వాత అడిగింది, "మరి ఎవులికి సెప్పాల?"

నేను ఆలోచించాను. మండలికి చెబితే ఏం పోయిందని అడుగుతారు. వాళ్ల లెక్కలో అది పన్నెండేళ్ల కిందటే పోయింది. గొర్రెల శాఖకు చెబితే గొర్రెలు ఎలా ఉన్నాయని అడుగుతారు.

"చెప్పడానికి ఎవరూ లేరు తవిటమ్మా."

"నేకపోడమేటి?" అంది. ఇనపరేకు కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. మెట్ల మీద గోకుతున్నవాళ్లందరికీ వినిపించేలా, పేరుపేరునా పిలవడం మొదలుపెట్టింది.